సెకండ్‌హ్యాండ్ మ్యాక్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఆప్షన్ కీ నొక్కి ఆన్ చేయించండి

పాత మ్యాక్‌బుక్ కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు ఇది చదివాకే డబ్బు కట్టండి. డెస్క్‌టాప్ దాకా చక్కగా ఆన్ అయ్యే ల్యాప్‌టాప్‌కి కూడా లోపల తాళం వేసి ఉండొచ్చు. మామూలుగా వాడుకున్నంత కాలం ఆ సంగతి ఎక్కడా బయటపడదు. ఏదో ఒక రోజు అది బూట్ కాకుండా మొరాయిస్తుంది, బాగుచేద్దామని రికవరీ మోడ్‌లోకి వెళ్లబోతాం, అప్పుడు తెలుస్తుంది.

నేను కొన్నది 2017 మ్యాక్‌బుక్ ఎయిర్. "రీఫర్బిష్డ్, ఫుల్లీ టెస్టెడ్" అని ప్రకటన పెట్టి ఆన్‌లైన్‌లో అమ్మే ఒక విక్రేత దగ్గర తీసుకున్నాను. స్క్రీన్, కీబోర్డు, బ్యాటరీ సైకిల్ కౌంట్, అన్నీ చెప్పినట్టే ఉన్నాయి. యూజర్ అకౌంట్ కూడా వాళ్లే తయారుచేసి, పాస్‌వర్డ్ చీటీ మీద రాసి పెట్టెలో పెట్టారు. (ఇలా ముందే అకౌంట్ చేసి ఇస్తే మన పని తగ్గించారని సంబరపడకండి. అది అనుమానించాల్సిన విషయం. ఎందుకో కింద చెప్తాను.) రిటర్న్ గడువు దాటాక ఒక అప్‌డేట్ మధ్యలో ఆగిపోయింది. ఇక అప్పటి నుంచి యాపిల్ బొమ్మ రావడం, కింద గీత సగం దాకా నిండడం, ఆరిపోవడం, మళ్లీ మొదటికి రావడం.

నిజానికి ఇది కొంపలు మునిగే సమస్య కాదు. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మ్యాక్ ఇలా చేస్తే దారులు చాలానే ఉన్నాయి. ఆన్ చేసిన వెంటనే షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్ వస్తుంది. అందులో లాగిన్ ఐటమ్స్, అవసరం లేని ఎక్స్‌టెన్షన్లు, మనం బయటి నుంచి వేసుకున్న ఫాంట్లు లోడ్ కావు. స్టార్టప్ డిస్క్‌ని పైపైన ఒకసారి పరీక్షించుకుంటుంది, కొన్ని తాత్కాలిక (క్యాష్) ఫైళ్లు చెరిపేస్తుంది. చాలాసార్లు సేఫ్ మోడ్‌లో ఒకసారి పైకి లేచి, మళ్లీ మామూలుగా రీస్టార్ట్ చేస్తే దారిలో పడుతుంది. లేదంటే కమాండ్, ఆర్ కలిపి పట్టుకుంటే రికవరీ. అక్కడ డిస్క్ యుటిలిటీలో ఫస్ట్ ఎయిడ్ నడపొచ్చు. మన ఫైళ్ల జోలికి పోకుండా మ్యాక్‌ఓఎస్‌ని దాని మీదే మళ్లీ ఇన్‌స్టాల్ చేయొచ్చు. రికవరీ భాగమే పాడైతే ఆప్షన్, కమాండ్, ఆర్ మూడూ పట్టుకుంటే ఇంటర్నెట్ నుంచి దించుకుంటుంది. అప్‌డేట్ మధ్యలో ఆగిన మెషీన్ ఎక్కువగా ఈ రికవరీ దగ్గరే బాగుపడుతుంది.

నా దగ్గర షిఫ్ట్ పట్టుకుంటే పట్టించుకోలేదు. కమాండ్, ఆర్ పట్టుకుంటే రికవరీకి బదులు స్క్రీన్ మధ్యలో ఒక తాళం కప్ప బొమ్మ, దాని కింద పాస్‌వర్డ్ కొట్టడానికి ఒక గడి. అంతే. ఒక మాట లేదు, "పాస్‌వర్డ్ మర్చిపోయారా" అనే లింకు లేదు. ఆప్షన్ పట్టుకున్నా అదే కప్ప. ఎన్‌వీర్యామ్ (మ్యాక్ కొన్ని సెట్టింగులు దాచుకునే చిన్న మెమరీ) రీసెట్ చేసే ఆప్షన్, కమాండ్, పీ, ఆర్ నాలుగూ కలిపి నొక్కినా ఫలితం లేదు. చీటీ మీది పాస్‌వర్డ్ కొడితే తీసుకోలేదు. తీసుకోదు కూడా, ఎందుకంటే అది యూజర్ అకౌంట్‌ది. ఇక్కడ అడుగుతున్నది ఫర్మ్‌వేర్ పాస్‌వర్డ్, అంటే మ్యాక్‌ఓఎస్ కంటే ముందే నడిచే, మెషీన్‌లోనే ఉండే ప్రోగ్రామ్‌కి వేసిన తాళం.

విక్రేతకు మెసేజ్ పెట్టాను. వచ్చిన జవాబులు చూడండి.

"అది సాఫ్ట్‌వేర్ ప్రాబ్లమ్ సర్. ఓఎస్ మళ్లీ వేసుకోండి."

ఓఎస్ వేయాలంటే రికవరీలోకి వెళ్లాలండీ, అక్కడే పాస్‌వర్డ్ అడుగుతోంది అన్నాను.

"మీరు పెట్టుకున్న పాస్‌వర్డే కొట్టండి సర్."

నేనేమీ పెట్టలేదని స్క్రీన్ ఫొటో తీసి పంపితే మాట మారింది. "మేం లాట్‌లో తీసుకుంటాం సర్. ఆ పాస్‌వర్డులు మా దగ్గర ఉండవు." ఉండవని తెలిసినప్పుడు ఫుల్లీ టెస్టెడ్ అని ఎలా రాశారని అడిగాను. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు.

ఈ తాళం ఎక్కడుంటుందో తెలిస్తే ఎంత మొండిదో అర్థమవుతుంది. ఇది హార్డ్‌డిస్క్‌లో ఉండదు, బోర్డు మీద ఉంటుంది. ఈ మోడల్‌లో ఎస్‌ఎస్‌డీ ఊడదీసి కొత్తది వేయొచ్చు. వేసినా తాళం కదలదు. పైగా ఫర్మ్‌వేర్ పాస్‌వర్డ్ ఉన్న మ్యాక్, తనకు ముందే చెప్పి పెట్టిన స్టార్టప్ డిస్క్ నుంచి తప్ప మరో డిస్క్ నుంచి పాస్‌వర్డ్ లేకుండా బూట్ కాదు. అంటే యూఎస్‌బీలో ఇన్‌స్టాలర్ పట్టుకెళ్లినా లాభం లేదు. దొంగల నుంచి కాపాడటానికి పెట్టిన ఏర్పాటు కాబట్టి యాపిల్‌ని తప్పుపట్టలేను. ఎవరి చేతో పొరపాటున తగిలి పడే తాళం కాదిది. ఎవరో ఒకరు కావాలని పెట్టాలి. ఎక్కువగా ఆఫీసుల ఐటీ విభాగాలు పెడతాయి. పాత మెషీన్లను వదిలించుకునేటప్పుడు తీసేయడం వాళ్ల పని, తీశారో లేదో చూడటం అమ్మేవాడి పని.

పాస్‌వర్డ్ తెలియకపోతే తీయించే సరైన దారి ఒక్కటే. యాపిల్ స్టోర్‌కో, అధీకృత సర్వీస్ సెంటర్‌కో మెషీన్ స్వయంగా తీసుకెళ్లి, అది మనదేనని రుజువుగా అసలు కొనుగోలు బిల్లు చూపించాలి. మొదట కొన్నవాళ్ల బిల్లు! నా విక్రేత ఇచ్చిన బిల్లులో సీరియల్ నంబరే లేదు. ఇక మధ్యలో "చిప్ తిరగరాసి ఇస్తాం" అనేవాళ్లు ఎదురవుతారు. బోర్డు మీద చెయ్యి పెట్టనిచ్చి ఉన్నది కూడా పోగొట్టుకోవద్దు. మరో రిపేరు చేసేవాళ్లయితే మెషీన్ మూత కూడా తీయకుండానే మదర్‌బోర్డు పోయిందన్నారు, అది వేరే కథ.

ఇంటెల్ మ్యాక్ కొనేవాళ్లు చేయాల్సిన పని నిజానికి చాలా చిన్నది. ల్యాప్‌టాప్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేయించండి. పవర్ నొక్కిన వెంటనే ఆప్షన్ కీ పట్టుకోమనండి. డిస్కుల బొమ్మలు వరసగా కనిపిస్తే ఫర్మ్‌వేర్ పాస్‌వర్డ్ లేనట్టు. తాళం కప్ప వస్తే బేరం అక్కడితో ఆపేయండి. "తర్వాత తీసి ఇస్తాం" అంటే తీశాకే రమ్మనండి. ఆ తర్వాత కమాండ్, ఆర్‌తో రికవరీ తెరిపించండి. ఓపిక ఉంటే డీ నొక్కి పట్టుకుని యాపిల్ డయాగ్నొస్టిక్స్ కూడా నడిపించండి. లోపం ఏమీ దొరక్కపోతే ఏడీపీ000 అనే కోడ్ చూపిస్తుంది. పీపీటీ004 కనిపిస్తే బ్యాటరీకి సర్వీసింగ్ అవసరమని అర్థం. ఐమ్యాక్, మ్యాక్ మినీ లాంటివైతే వైర్ ఉన్న కీబోర్డు పెట్టి చూడండి. బ్లూటూత్ కీబోర్డు కొన్నిసార్లు సమయానికి కీని అందించదు. విండోస్ కీబోర్డు అయితే ఆల్ట్ కీ ఆప్షన్‌గా, విండోస్ కీ కమాండ్‌గా పనిచేస్తాయి.

2020 చివర్లో ఇంటెల్‌కి బదులు యాపిల్ సొంత చిప్ ఎమ్1తో వచ్చిన మ్యాక్‌ల నుంచి లెక్క వేరు. వాటిలో ఫర్మ్‌వేర్ పాస్‌వర్డ్ అనేదే లేదు. స్టార్టప్ ఆప్షన్స్ వచ్చేదాకా పవర్ బటన్ నొక్కి పట్టుకోవడమే. డిస్క్ ఎంచుకుని షిఫ్ట్ పట్టుకుంటే సేఫ్ మోడ్, ఆప్షన్స్ మీద నొక్కితే రికవరీ. అయితే అక్కడ వేరే రెండు ఉచ్చులున్నాయి. ఒకటి యాక్టివేషన్ లాక్, అంటే పాత యజమాని యాపిల్ అకౌంట్ లేకుండా మెషీన్ మళ్లీ సెటప్ కాదు. ఇది టీ2 అనే యాపిల్ భద్రతా చిప్ ఉన్న ఇంటెల్ మ్యాక్‌లకూ ఉంది. రెండోది రిమోట్ మేనేజ్‌మెంట్, అంటే పాత సంస్థ మెషీన్‌ని దూరం నుంచే తన అదుపులో ఉంచుకోవడం. మెషీన్ మొత్తం చెరిపి, వైఫైకి కలిపి, కొత్తగా సెటప్ చేస్తుంటే "ఈ కంప్యూటర్ ఫలానా సంస్థ అధీనంలో ఉంది" అని స్క్రీన్ వస్తుంది. అప్పటిదాకా దాని జాడ తెలియకపోవచ్చు. అందుకే ముందే అకౌంట్ తయారుచేసి ఇచ్చిన మ్యాక్‌ని నమ్మొద్దన్నాను. మీ కళ్ల ముందే చెరిపించి, వైఫైకి కలిపించి, సెటప్ చివరి దాకా వెళ్లాకే డబ్బు చేతిలో పెట్టండి.

విండోస్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లూ తప్పించుకోలేరు. బయాస్‌కి (విండోస్ కంటే ముందే నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్) సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ ఉందేమో లోపలికి వెళ్లి చూడండి. ఎఫ్2, డిలీట్, ఎఫ్10, కంపెనీని బట్టి కీ మారుతుంది. సేఫ్ మోడ్ కోసం ఎఫ్8 నొక్కి ఏమీ రావట్లేదని కంగారు పడకండి, విండోస్ 8 నుంచి ఆ దారి మామూలుగా మూసే ఉంటుంది. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే రికవరీ స్క్రీన్ వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా వెళ్లి రీస్టార్ట్ చేసి 4 నొక్కితే సేఫ్ మోడ్. ఆ దారిలో బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) 48 అంకెల రికవరీ కీ అడిగిందంటే, ఆ కీ ఎవరి దగ్గరుందో అక్కడే తేల్చుకోండి. ఆఫీసుల నుంచి వచ్చిన సరుకైతే రీసెట్ చేయించి చూడటం ఇక్కడా తప్పదు. పాత సంస్థ లాగిన్ పేజీ వచ్చిందంటే వాళ్లు తమ జాబితాలోంచి ఇంకా తీసేయనట్టు.

బిల్లు మీద సీరియల్ నంబరు, దాని పక్కనే ఈ తాళాలేవీ లేవన్న మాట రాయించుకోండి. దూరం నుంచి కొంటుంటే ఆప్షన్ కీ పట్టుకుని ఆన్ చేసే వీడియో అడగండి. అందులో మెషీన్ అడుగున ఉన్న సీరియల్ నంబరు కూడా కనిపించాలి. నాకు అమ్మిన విక్రేత ఇదే మోడల్‌తో మళ్లీ ప్రకటన పెట్టాడు, అదే ఫుల్లీ టెస్టెడ్ మాటతో. నా స్నేహితుడి చేత కొనేవాడిలా ఆ వీడియో అడిగించాను. స్టాకు అయిపోయిందన్నాడు. ప్రకటన మాత్రం ఇంకా అలాగే ఉంది.