నల్లరేగడిలో 720 అడుగుల ఇల్లు: ఎనిమిదేళ్లు ఉన్నాక చెప్తున్న లెక్క

మా ఊరు జమ్మలమడుగుకు పది కిలోమీటర్లలోపే. 2017 సంక్రాంతి పోయాక పని మొదలుపెట్టి, ఆ శ్రావణంలో ఇంట్లో చేరాం. ఇరవై నాలుగడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు. రెండు గదులు, హాలు, వంటిల్లు, లోపలే ఒక బాత్రూం. ఊళ్లో ఎవరు ఇల్లు మొదలుపెట్టినా నన్ను అడిగే మొదటి మాట "అడుగుకు ఎంత పడింది?" అని. మాకు 1,461 రూపాయలు పడింది. కానీ ఆ ఒక్క అంకె చెప్పి పంపిస్తే వాళ్లకు మేలు చేసినట్టు కాదు. ఏ డబ్బు ఎక్కడ పోయింది, ఎనిమిదేళ్లలో అది పనికొచ్చిందా లేదా అన్నది తెలిస్తేనే ఉపయోగం.

మేస్త్రీ మొదట చెప్పింది అడుగుకు 1,100. అంటే 7,92,000. చివరికి తేలింది 10,52,000. ఇందులో మేస్త్రీ మోసం ఏమీ లేదు. అతను చెప్పింది నేల మీద కనిపించే ఇంటికి. మాకు తేడా వచ్చిన 2,60,000లో సగానికి పైగా, 1,45,000 దాకా, నేల లోపలే పోయింది. నీళ్ల ట్యాంకర్లకు 26,000, సెప్టిక్ ట్యాంకుకు 40,000 అసలు లెక్కలోనే లేవు. మిగిలింది తలుపులు, కరెంటు సామాన్లు అనుకున్నదానికంటే మంచివి తీసుకోవడంలో అయింది.

పునాది గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మాది నల్లరేగడి. వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలు పడుతుంది, వానకు నీళ్లు తాగి ఉబ్బుతుంది. ప్రతి ఏడూ ఇదే తంతు. దాని మీద గోడ పెడితే గోడ కూడా లేస్తూ దిగుతూ ఉంటుంది. మేస్త్రీ నాలుగడుగులు తవ్వి రాతి పునాది వేద్దామన్నాడు. మా నాయన ఒప్పుకోలేదు. "మన బాయి తవ్వినప్పుడు ఆరడుగులు దాటితే గానీ గరుసు తగల్లేదు మేస్త్రీ, ఇక్కడా అంతే ఉంటాది" అన్నాడు. గరుసు అంటే గులకలు కలిసిన గట్టి నేల. ఒక మూల గుంత తీసి చూస్తే ఆరున్నర అడుగుల దగ్గర అది వచ్చింది. పన్నెండు గుంతలు అక్కడిదాకా దించి, ఫుటింగులు (పిల్లర్ల కింద కాంక్రీటు దిమ్మెలు) వేసి, పిల్లర్లు లేపి, వాటిని నేలమట్టాన కలిపే ప్లింత్ బీము కట్టాం. తవ్విన నల్లమట్టిని తిరిగి లోపల పోయలేదు. గుట్ట దగ్గర నుంచి 46 ట్రాక్టర్ల గరుసు తెప్పించి నింపి, నీళ్లు పోసి దిమ్మిస కొట్టించాం. మేస్త్రీ లెక్కలో 90,000 ఉన్న పునాది 2,35,000 అయింది. ఇంత డబ్బు మట్టిలో పోస్తున్నామే అని అమ్మ చాలా బాధపడింది.

ఎనిమిదేళ్లయింది, గోడల్లో ఒక్క పునాది పగులు లేదు. వెనక వీధిలో అదే ఏడాది నాలుగడుగుల రాతి పునాదితో కట్టిన ఇంట్లో మూడో ఏటికే కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు వచ్చాయి. పూడ్చి రంగు వేస్తారు, మళ్లీ వేసవికి తెరుచుకుంటాయి. అంత దూరం ఎందుకు, మా ఇంట్లోనే సాక్ష్యం ఉంది. ముందు మెట్లకూ ప్రహరీకీ రెండడుగుల పునాది చాలనుకున్నాం. మెట్లు ఇంటి నుంచి ఒకటిన్నర అంగుళం విడిపోయాయి, ప్రహరీ రెండు చోట్ల చీలింది. అదే మేస్త్రీ, అదే సిమెంటు, అదే ఇసుక. మారింది లోతు ఒక్కటే.

ఇంకో పొరపాటు బాత్రూం నీళ్లది. మొదటి రెండేళ్లు గోడ పక్కనే చెట్లకు వదిలేశాం. ఒక పక్క నేల ఎప్పుడూ తడిగా, మిగతా మూడు పక్కలా ఎండిపోయి ఉండటం రేగడిలో మంచిది కాదని ఒక ఇంజినీరు చెప్పాక, పైపు దూరంగా లాగి, ఇంటి చుట్టూ మూడడుగుల వెడల్పున బండలు పరిపించాం. కట్టేటప్పుడే చేయాల్సిన పని.

అప్పుడు నోట్ల రద్దు టెన్షన్ ఒకటి. సేవింగ్స్ ఖాతా నుంచి వారానికి 24,000 కంటే ఎక్కువ తీసుకోనివ్వలేదు. ఫిబ్రవరి 20 నుంచి 50,000 చేశారు, మార్చి 13న పరిమితి తీసేశారు. శనివారం వచ్చిందంటే కూలీలకు ఏం ఇవ్వాలా అని భయం వేసేది. కంబీలు, సిమెంటు చెక్కుతో కొనొచ్చు, కూలీకి చెక్కు ఇవ్వలేం కదా. ఇసుక మాత్రం ఆ రోజుల్లో ఉచితమే, 2016 మార్చి నుంచి. లోడింగ్, బాడుగ కలిపి ట్రాక్టరుకు 1,800 పడింది. ఉచితం అన్నా రేవు నుంచి ఇంటికొచ్చేసరికి అంత అవుతుందని ముందే లెక్క వేసుకోవాలి.

ఇటుకలు బూడిదవి తీసుకున్నాం. ముద్దనూరు దగ్గర బొగ్గుతో కరెంటు తీసే ఆర్టీపీపీ ఉండటంతో మా వైపు ఆ బూడిదతో ఇటుకలు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇటుక నాలుగు రూపాయలకు ఇంటికి చేరింది, మట్టి ఇటుక ఆరు చెప్పారు. సైజు ఒకేలా ఉండటంతో గోడ నిటారుగా వచ్చింది, ప్లాస్టరింగ్‌లో సిమెంటు కలిసొచ్చింది. తేడా ఒక్కచోటే కనిపించింది. పిల్లరూ ఇటుక గోడా కలిసే చోట నిలువుగా సన్నని గీతలు పడ్డాయి. ప్రమాదం లేదు గానీ చూడ్డానికి బాగుండదు. ప్లాస్టరింగ్‌కు ముందు ఆ అతుకు మీద కోళ్ల జాలీ కొట్టిస్తే రావు. రెండు గదులకు కొట్టించాం, అక్కడ రాలేదు. హాలుకు జాలీ అయిపోయిందని వదిలేశాం, అక్కడే వచ్చాయి.

స్లాబు ఏప్రిల్‌లో వేశాం. ఐదంగుళాలు. మా బోరు నీళ్లు ఉప్పు, కంబీలకు పనికిరావని మంచినీళ్ల ట్యాంకర్లు కొన్నాం. స్లాబు మీద మడులు కట్టి పద్నాలుగు రోజులు నీళ్లు నిలబెట్టాం. ఆ ఎండకు పొద్దున నింపిన మడి మూడు గంటలకే ఎండిపోయేది. మా తమ్ముడు రోజూ మూడుసార్లు ఎక్కి నింపాడు. ట్యాంకర్ల 26,000 అప్పుడు దండగ అనిపించింది, ఇప్పుడు అనిపించడం లేదు.

ఈ ఇంటి అసలు లోపం వేడి. దీన్ని దాచుకోను. మా పాత ఇల్లు మట్టిమిద్దె. రెండడుగుల మందం గోడలు, దూలాల మీద దంతెలు, ఆపైన అడుగు మందాన చౌడు మన్ను. నడిమధ్యన గవాక్షి. పొయ్యి పొగా లోపలి వేడీ అందులోంచి పైకి పోయేవి. మే నెలలో మధ్యాహ్నం బయట నుంచి వచ్చి మిద్దెలో అడుగుపెడితే ప్రాణం లేచొచ్చేది. దాన్ని పడగొట్టి ఐదంగుళాల స్లాబు వేసుకున్నాం. పగలంతా స్లాబు ఎండ తాగి, రాత్రంతా ఆ వేడి మన మీద వదులుతుంది. 2018 మేలో హాల్లో గోడకు థర్మామీటరు తగిలిస్తే రాత్రి తొమ్మిదింటికి 38 చూపించింది. ఫ్యాను వేస్తే ఆ వేడే కిందికి దిగేది. నాయన వేసవుల్లో ఇంట్లో పడుకోలేదు, మంచం పశువుల కొట్టంలో వేసుకున్నాడు. పది లక్షలు పెట్టి కట్టిన ఇంట్లో పెద్దాయన పడుకోలేకపోతున్నాడని నాకు చాలా రోజులు మనసు బాగుండలేదు.

2019 నుంచి ప్రతి మార్చిలో స్లాబు మీద రెండు పూతలు సున్నం కొడుతున్నాం, జిగురు కలిపి. 1,500 రూపాయల ఖర్చు, ఒక పూట పని. హాల్లో అదే వేళకు 35 దగ్గరికి దిగింది. అంత తక్కువ ఖర్చుతో ఇంత తేడా ఇచ్చిన పని ఈ ఇంట్లో ఇంకోటి లేదు. కానీ వానకు సగం కొట్టుకుపోతుంది, ఏటా వేయాల్సిందే.

తర్వాత 2021 నవంబరు వానలు. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన ఆ వారం మా దగ్గరా విడవకుండా కురిసింది. పిట్టగోడ స్లాబును కలిసే చోట ఉరవడం మొదలై పడమటి గది గోడ తడిసి రంగు పొరలు పొరలుగా లేచింది. కట్టేటప్పుడు స్లాబు మీద మామూలు సిమెంటు పూతతో సరిపెట్టాం, మూలల్లో గుండ్రంగా మలచలేదు. 2022లో పాత పూత కొట్టించి, ఇటుక జల్లీ సున్నం పరిపించి, వాలు సరిచేసి, పైన తెల్ల టైల్స్ వేయించాం. 62,000 అయింది. 2017లో చేసి ఉంటే 35,000లో అయ్యేదని మేస్త్రీయే అన్నాడు. కట్టిన ఏడాది హాలు సీలింగుకు డిజైను అని, ముందు గోడకు ఎలివేషన్ అని 30,000కు పైనే పెట్టాం. ఆ డబ్బు స్లాబు పైకి పోవాల్సింది. టైల్స్ పడ్డాక వేడీ తగ్గింది, ఉరవడమూ ఆగింది. నాయన మంచం కొట్టంలోంచి హాల్లోకి వచ్చింది.

కింద మాత్రం మా నిర్ణయం నూటికి నూరుపాళ్లు సరైందే. అందరూ టైల్స్ వేయమన్నారు. మేం మన కడప బండలే వేశాం. బండ అడుగు 16, పరచి పాలిష్ పట్టడానికి 25, మొత్తం 30,000లోపే తేలింది. మే నెలలో చాప కూడా లేకుండా దాని మీద పడుకోవచ్చు. వంటింట్లో అల్మారాల అరలూ ఆ బండలే, ఎనిమిదేళ్లలో ఒక్కటీ వంగలేదు. ఒకటే జాగ్రత్త: అది సున్నపురాయి, పులుపు పడదు. నిమ్మరసం, చింతపండు పులుసు కారి కాసేపుంటే మెరుపు పోయి తెల్ల మచ్చ పడుతుంది. బాత్రూం ముందు ఒకసారి యాసిడ్ పోసి కడిగారు, అక్కడ బండ గరుకైపోయింది. 2023లో ఇల్లంతా మళ్లీ పాలిష్ పట్టించాం, పదివేలు.

ఇప్పుడు కట్టాలంటే ఎంత అని అడిగేవాళ్లకు మా చెల్లెలి లెక్క చెప్తాను. ప్రొద్దుటూరు వైపు పోయినేడు 640 అడుగులు కట్టుకున్నారు. 13,10,000 అయింది, అడుగుకు రెండు వేలు దాటింది. మా ఇంటప్పుడు గోడలు కట్టే బేల్దారికి రోజుకు 600 ఇచ్చాం, వాళ్లు వెయ్యికి పైన ఇచ్చారు. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది కదా అంటారు. బస్తాకు పాతిక ముప్పై తగ్గిందనుకున్నా, మా ఇంటికి పట్టిన 380 బస్తాల మీద పదివేలు మిగులుతుంది. మంచిదే. కానీ గుంత ఇంకో రెండడుగులు దించాల్సి వస్తే ఆ పదివేలు కనిపించవు. ప్రధానమంత్రి ఆవాస్ కింద ఊళ్లలో ఇచ్చే 1,20,000 మా పునాదికి పట్టినదాంట్లో సగం. ఆ ఇల్లు 25 చదరపు మీటర్లే, పునాదీ చిన్నదే, నిజమే. అయినా ఎర్రనేలలో మూడడుగులకే గట్టి నేల తగిలేవాళ్లకూ, ఆరడుగులు దాటాల్సిన మావాళ్లకూ అదే మొత్తం. నల్లరేగడి ఊళ్లలో పేదవాళ్ల ఇళ్లు ముందుగా పగులుతున్నాయంటే ఇదే కారణమని నేను నమ్ముతున్నా.

కాబట్టి మా వైపు కట్టేవాళ్లు ఎవరొచ్చినా ముందు ఒక కూలీని పెట్టి గరుసు తగిలేదాకా ఒక గుంత తీయించి రమ్మంటాను. ఒక రోజు కూలి ఖర్చు. అడుగుకు ఎంత అన్న మాట ఆ తర్వాతే.

మాకు ఇంకా మిగిలిన పని పడమటి కిటికీల సజ్జాలు. అడుగున్నరే వేశాం, నాలుగు గంటల ఎండ నేరుగా మంచాల మీద పడుతుంది. సజ్జాలు పెద్దవి చేయడం ఇక కుదరదు గానీ, మూడడుగులు ముందుకు వచ్చేలా పందిరి వేసి తీగ పాకిస్తే చాలంటున్నాడు తమ్ముడు. రాళ్ల స్తంభాలు రెండు బేరం చేసి పెట్టాం, ఉగాదిలోపు నాటాలి. గుంతలు ఈసారి రెండడుగులతో ఆపం.