పిల్లికి నలతగా ఉంటే: మెడికల్ షాపా, సర్కారు దవాఖానా, ప్రైవేటు క్లినిక్కా?

కుక్కకో పిల్లికో ఒంట్లో బాగోకపోతే ముందు ఎక్కడికి వెళ్లాలని చాలామంది అడుగుతున్నారు. అందరూ ఖర్చు గురించే అడుగుతారు. నేను మాత్రం డాక్టర్ రాసిచ్చే మందుల చీటీ చూస్తాను.

గల్లీ చివర మెడికల్ షాపు దగ్గర, చవక. పోయిన చలికాలం మా పిల్లి తిండి మానేస్తే నేనూ అక్కడికే పోయాను. కౌంటర్ దగ్గరి అబ్బాయి "జ్వరమే ఉంటది అన్నా, సగం వెయ్" అని పారాసెటమాల్ గోలీ ఒకటి కత్తిరించి ఇచ్చాడు. వేయబోతుంటే మా అమ్మ ఆపింది. పిల్లి కాలేయం ఆ మందును తట్టుకోలేదని తర్వాత తెలిసింది. ఒక్క గోలీకే చిగుళ్లు నీలంగానో గోధుమరంగులోనో మారి ప్రాణం పోవచ్చు.

ఇంటికొచ్చి ఇంజెక్షన్ వేసిపోయేవాళ్ల సంగతి ఎక్కువ చెప్పను. 1984 నాటి ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం ప్రకారం వెటర్నరీ కౌన్సిల్‌లో రిజిస్టరైన డాక్టరే పశువైద్యం చేయాలి.

ఇక మిగిలినవి రెండు. హైదరాబాద్ నారాయణగూడలోని సర్కారు సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాలలో ఖర్చు తక్కువ, కానీ వరుసలో కూర్చోవాలి. బుట్టలో పిల్లి, పక్కన మొరిగే కుక్క, ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. ప్రైవేటులో ఆ గోల తక్కువ, రాత్రి కూడా చూసేవాళ్లు దొరుకుతారు. అయితే ఒక క్లినిక్‌లో నాకు కాగితపు కవర్లో విడి గోలీలు పోసి, పైన '1-0-1' (పొద్దున ఒకటి, రాత్రి ఒకటి) అని రాసిచ్చారు. మందు పేరు లేదు. అర్ధరాత్రి పిల్లి వాంతులు చేసుకుంటే ఇంకో డాక్టర్ "ఏం వేశారు?" అని అడిగాడు. ఏం చెప్పాలి?

మా గల్లీ పాలాయనకు మందు పేరు ఇంకా ఎక్కువ అవసరం. గేదెకు మందు వేశాక పాలు ఎన్ని రోజులు అమ్మకూడదో లేబుల్ మీద చూసుకోవాలి. అక్కడ లేకపోతే నిబంధనల ప్రకారం కనీసం 7 రోజులు ఆగాలి. పేరే తెలియని మందుకు రోజులెట్లా లెక్కపెడతాడు?

అందుకే పగలైతే నారాయణగూడే నయమనిపిస్తుంది. అక్కడ మందు పేరు, పిల్లి బరువు, మోతాదు రాసిచ్చే చీటీ పట్టుకుని తర్వాత ఏ షాపుకైనా పోవచ్చు. యాంటీబయాటిక్ అయితే ఎటూ చీటీ లేనిదే అమ్మకూడదు. రాత్రి పది దాటితే ప్రైవేటుకే పోతాను, "డాక్టర్ గారూ, కొంచెం మందు పేరు రాసివ్వండి" అని అడిగి మరీ తీసుకుంటాను.