స్కేట్‌బోర్డు మీద బొమ్మ: స్క్రీన్ ప్రింటా, హీట్ ట్రాన్స్‌ఫరా?

స్కేట్‌బోర్డు పలకంటే సాధారణంగా ఏడు పొరల మేపుల్ చెక్క. రెండు చివర్లూ పైకి వంగి ఉంటాయి. బొమ్మ అచ్చేసేవాళ్లకి ఆ వంపు దగ్గరే అసలు టెన్షన్.

ఖర్చు: స్క్రీన్‌లో జాలీగుడ్డ బిగించిన ఫ్రేములోంచి రంగు దించుతారు, రంగుకో ఫ్రేము. ఆరు రంగులైతే ఆరుసార్లు అచ్చు. ట్రాన్స్‌ఫర్‌లో రంగులెన్నున్నా ఒకే ఫిల్ము, వేడి రోలరుతో ఒక్కసారే అంటిస్తారు.

శ్రమ: స్క్రీన్ మన శుభలేఖలు అచ్చేసే పద్ధతే, కాకపోతే వంగిన చెక్క మీద. ఒక రంగు ఆరాకే ఇంకొకటి. ఫ్రేము వెంట్రుకవాసి జరిగినా ఎరుపు వెళ్లి నల్లగీత మీద పడుతుంది.

అందం: నా ఓటు స్క్రీన్‌కే. వేలితో తడిమితే రంగు అంచు సన్నని గట్టులా తగులుతుంది. 1985లో చిత్రకారుడు జిమ్ ఫిలిప్స్ శాంటా క్రూజ్ అనే స్కేట్‌బోర్డు కంపెనీ కోసం గీసిన నీలం చెయ్యి, అరచేతిలో అరిచే నోరు గుర్తుందా? దిట్టమైన గీత, పరుచుకున్న రంగు: అలాంటి బొమ్మ స్క్రీన్‌లోనే పండుతుంది.

రిస్కు: రైలింగుల మీద జారితే రెండూ గీసుకుపోతాయి.

ఫొటోలు, నీడల ఛాయలు, రోజూ తొక్కే బోర్డు అయితే ట్రాన్స్‌ఫర్ తీసుకోండి. నాలుగైదు రంగుల బొమ్మని గోడకి తగిలించుకోవాలంటే డబ్బు ఎక్కువైనా స్క్రీన్ ప్రింటే.