మినీమూగ్, జూనో-106, పాలీసిక్స్, ఎస్‌హెచ్-101: చెన్నై ఉక్కపోతలో ఏది నిలుస్తుంది

పాత సింథ్‌ల (విద్యుత్తుతో నాదం పుట్టించే సింథసైజర్ కీబోర్డుల) మాటొస్తే అందరూ నాదం దగ్గరే మొదలుపెడతారు. చెన్నై వడపళని, సాలిగ్రామం స్టూడియోల్లో వీటిని ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లు మాత్రం ముందు శ్రుతి సంగతి అడుగుతారు. ఏసీ ఆపిన గంటకి ఏది నిలబడుతుంది, ఏది జారిపోతుంది?

1970లో వచ్చిన మినీమూగ్ మోడల్ డి దీనికి పరీక్ష లాంటిది. మూడు వోల్టేజ్ కంట్రోల్డ్ ఓసిలేటర్లు (వోల్టేజీని బట్టి స్వరం పుట్టించే వీసీఓలు), ఒకసారికి ఒకే స్వరం, ఆక్టేవ్‌కి 24 డెసిబెల్స్ చొప్పున పై నాదాన్ని కోసే ల్యాడర్ ఫిల్టర్. మూడు ఓసిలేటర్ల శ్రుతినీ కాస్త ఎడంగా పెట్టి వాయిస్తే ఆ బేస్‌కి సాటి లేదు. అయితే ఎంఫసిస్ (ఫిల్టర్ కోసే చోటి నాదాన్ని ఎత్తిచూపే నాబ్, వేరే సింథ్‌లలో రెజొనెన్స్) పెంచేకొద్దీ అడుగు నాదం పలచబడుతుంది. అది లోపం కాదు, ల్యాడర్ ఫిల్టర్ తీరే అంత.

కీబోర్డు వోల్టేజీని పౌనఃపున్యంగా మార్చేది ఒక ట్రాన్సిస్టర్ జంట. ఉష్ణోగ్రత మార్పును సరిచేసే పరిహారం ఏమీ లేకపోతే డిగ్రీకి 0.33 శాతం చొప్పున దాని స్కేలు మారుతుంది, అంటే ఆక్టేవ్‌కి దాదాపు 4 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు). సర్క్యూట్‌లో పరిహారం ఉన్నా ఎంతోకొంత మిగులుతుంది. ఈ మార్పు అన్ని మెట్ల మీదా ఒకేలా ఉండదు. అందుకే ట్యూన్ నాబ్ తిప్పితే మధ్యస్థాయి సా కుదురుతుంది, తారస్థాయి సా కుదరదు. తర్వాతి తయారీ ఓసిలేటర్ బోర్డుల్లో ఆ ట్రాన్సిస్టర్ జంటను వేడిగా ఉంచే చిప్ ఉంది. అవి చాలా నయం, కొనేటప్పుడు బోర్డు ఏదో మూత తీయించి చూడండి.

గదిని 24 డిగ్రీల దగ్గర నిలిపి, ఏసీ గాలి నేరుగా తగలని చోట అరగంట ఆన్‌లో ఉంచాకే ట్యూనర్ ముట్టుకోవాలి. మిక్సర్‌లో రెండు ఓసిలేటర్లు ఆపి, ఒక్కదాన్నే వినండి. కింది సి స్వరం సరిచేసి, రెండు ఆక్టేవ్‌ల పైన ఉన్న సి చూడండి. పైది తప్పితే స్కేల్ ట్రిమ్మర్ (చిన్న సర్దుబాటు స్క్రూ) కొంచెమే తిప్పాలి. దాంతో కిందిది కదులుతుంది, మళ్లీ దాన్ని సరిచేయాలి. రెండూ నిలిచేదాకా ఇదే పని, తర్వాత మిగతా రెండు ఓసిలేటర్లు. చల్లగా ఉన్నప్పుడు ట్రిమ్మర్ తిప్పితే మధ్యాహ్నానికి అంతా మొదటికొస్తుంది.

మన సంగీతానికి దీని పిచ్ వీల్ (శ్రుతిని పైకీ కిందికీ జార్చే చక్రం) ఒక వరం. స్ప్రింగ్ లేదు కాబట్టి గమకంలో ఎక్కడ ఆపితే అక్కడే ఉంటుంది. వెనక్కి తేవడం మాత్రం బొటనవేలి పనే.

1984 నాటి జూనో-106 దీనికి పూర్తిగా ఎదురు. శ్రుతి డిజిటల్ క్లాక్ నుంచి వస్తుంది, తరంగం మాత్రం అనలాగ్. ఎండాకాలం పవర్ కట్ తర్వాత ఆన్ చేసినా శ్రుతిలోనే ఉంటుంది. తంబూర నాదం పట్టి ఉంచడానికి ఇదే నమ్మకం. వాయిస్‌కి (ఒక్కో స్వరాన్ని మోగించే సర్క్యూట్‌కి) ఒకే ఓసిలేటర్, కింద సబ్ (దిగువ స్థాయిలో తోడుగా మోగే ఓసిలేటర్). కోరస్ (నాదాన్ని వెడల్పుగా వినిపించే ఎఫెక్ట్) ఆపితే సన్నగా, బోసిగా ఉంటుంది. కోరస్ రెండు నొక్కితే గది నిండుతుంది, దాంతోపాటు హిస్ (బుసలాంటి రొద) కూడా వస్తుంది.

దీని అసలు రోగం ఆరు 80017ఏ చిప్‌లు. ఫిల్టర్, వీసీఏ (శబ్దం హెచ్చుతగ్గుల్ని నడిపే భాగం) రెండూ వాటిలోనే. వాటి మీది రెసిన్ పూత కాలం గడిచేకొద్దీ విద్యుత్తును లీక్ చేయడం మొదలుపెడుతుంది. దాంతో వాయిస్ చిటపటలాడుతుంది, కీ వదిలినా మోగుతుంది, లేదా మూగబోతుంది. కొనే ముందు కీ ట్రాన్స్‌పోజ్ నొక్కి పట్టి ఆన్ చేయండి. టెస్ట్ మోడ్‌లో ఒక్కో కీకి ఏ వాయిస్ మోగుతోందో డిస్‌ప్లే చెబుతుంది. తరంగాలన్నీ ఆపి, రెజొనెన్స్ పూర్తిగా పెంచండి. ఈల వినిపిస్తే ఆ వాయిస్ ఫిల్టర్ బాగానే ఉన్నట్టు, తప్పు తరంగం పుట్టించే చిప్‌ది కావచ్చు. ఈల లేకపోతే 80017ఏ మీద అనుమానపడాలి. ఎసిటోన్‌లో నానబెట్టి పూత తీసే పద్ధతి పనిచేస్తుంది, కానీ గీకితే చిన్న విడిభాగాలు ఊడొస్తాయి. మా ఓటు కొత్తగా తయారైన ప్రత్యామ్నాయ చిప్‌లకే, అదీ ఆరూ ఒకేసారి. లోపలి సీఆర్2032 బ్యాటరీ మార్చే ముందు పాచ్‌లు (దాచుకున్న నాదాల అమరికలు) టేప్ అవుట్‌పుట్ నుంచి రికార్డు చేసి దాచుకోండి.

పాలీసిక్స్ (1981)లో వాయిస్‌కి ఒకటైనా ఓసిలేటర్ నిజమైన వీసీఓనే, ఫిల్టర్ ఎస్‌ఎస్‌ఎం2044. ఎన్సెంబుల్ (కోరస్ లాంటి ఎఫెక్ట్) ఆన్ చేస్తే తీగవాద్యాల్లా పరుచుకునే నాదం జూనో కంటే మెత్తగా ఉంటుంది. కానీ కేఎల్ఎం-367 బోర్డు మీది నికెల్-కాడ్మియం బ్యాటరీ కారి రాగి గీతల్ని తినేస్తుంది. పాచ్‌లు పోవడం, స్వరాలు ఆగకుండా మోగడం దాని గుర్తులు. బ్యాటరీ మొదలంటా తీసేసి, తెల్ల వెనిగర్‌తో క్షారాన్ని తటస్థం చేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. తెగిన గీతలకు సన్న వైరు వేయాలి. బోర్డు ఫొటో పంపని అమ్మకందారుతో బేరం వద్దు.

ఎస్‌హెచ్-101 (1982) గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఒక వీసీఓ, సబ్ ఓసిలేటర్, 100 మెట్ల సీక్వెన్సర్ (స్వరాలను వరసగా తనే వాయించే భాగం). సీఈఎం3340 ఓసిలేటర్ చిప్ పుణ్యమా అని శ్రుతి బాగానే నిలుస్తుంది. సముద్రపు గాలికి స్లైడర్లు గరగరలాడతాయి. వాటి మీద తుప్పు వదిలించే నూనె కొట్టకండి, రిచీ స్ట్రీట్‌లో దొరికే కాంటాక్ట్ క్లీనర్ చాలు.

ప్రొఫెట్-5 (ఐదు వాయిస్‌ల మరో పాత సింథ్) అడిగేవాళ్లకి: దాని మూడో రివిజన్‌లోని (మూడోసారి మార్చి తయారుచేసిన రూపంలోని) ట్యూన్ బటన్ పది ఓసిలేటర్లనూ తనే సరిచేస్తుంది. ధర మీరే చూసుకోండి.

కరెంటు విషయంలో జాగ్రత్త. జపాన్ దేశీ మోడల్ 100 వోల్ట్‌లది. బజార్లో తేలిగ్గా దొరికే 230/110 ట్రాన్స్‌ఫార్మర్ పెడితే, ఇంట్లో 240 వచ్చిన రోజు దానికి 115 దాకా అందుతుంది. వెంటనే ఏమీ కాలిపోదు, లోపలి రెగ్యులేటర్లు వేడెక్కి కెపాసిటర్ల ఆయుష్షు తగ్గిస్తాయి. 100 వోల్ట్‌లకే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించుకోండి, ఒక్క జూనోకైతే 100 వీఏ (వోల్ట్-ఆంపియర్) సామర్థ్యం ధారాళంగా సరిపోతుంది.