నాలుగేళ్ళ పాపతో దీవుల టూర్: అండమాన్ మేలా, లక్షద్వీప్ మేలా?

పైడితల్లమ్మ సిరిమానోత్సవం అయ్యిందంటే చాలు, విజయనగరంలో మాకు తెలిసినవాళ్ళ దగ్గర్నుంచి ఫోన్లు మొదలవుతాయి. సంక్రాంతి తర్వాత పిల్లల్ని తీసుకుని దీవులు చూడ్డానికి వెళ్దామనుకుంటున్నాం, అండమాన్ వెళ్ళాలా, లక్షద్వీప్ వెళ్ళాలా అని. మేం మా పాపతో అండమాన్ వెళ్ళొచ్చాం, మా చిన్నమ్మ వాళ్ళు మనవడితో లక్షద్వీప్ వెళ్ళొచ్చారు, అందుకే అందరూ మమ్మల్నే అడుగుతారు. నీళ్ళ రంగు, ఇసక తెలుపు సంగతి వదిలెయ్యండి, రెండుచోట్లా కళ్ళు తిప్పుకోలేరు. చిన్నపిల్లతో వెళ్ళేవాళ్ళు ముందు తెలుసుకోవాల్సింది, పిల్లని పడవలో ఎలా ఎక్కించాలి, ఎలా దించాలి అన్నది.

లక్షద్వీప్‌కి కొచ్చి నుంచి ఓడలో దీవిని బట్టి 14 నుంచి 18 గంటలు పడుతుంది. ఆ ప్రయాణం కష్టమేం కాదు, పిల్లలు హాయిగా పడుకుంటారు. కష్టమంతా దిగేటప్పుడే. అక్కడి దీవుల చుట్టూ పగడపు దిబ్బలు, వాటి లోపల లోతులేని నీళ్ళు ఉంటాయి కాబట్టి చాలాచోట్ల ఓడ ఒడ్డు దాకా రాదు. దూరంగా ఆగిపోతే చిన్న పడవ వచ్చి పక్కన ఆనుకుంటుంది. అలకి ఆ పడవ పైకి లేస్తూ కిందికి దిగుతూ ఉంటే, అది సరిగ్గా అందిన క్షణంలో ఓడ తలుపులోంచి అందులోకి అడుగెయ్యాలి. సిబ్బంది చెయ్యి పట్టుకుని జాగ్రత్తగానే దింపుతారట, వాళ్ళకది రోజూ చేసే పని. కానీ నిద్రమత్తులో ఏడుస్తున్న పిల్లాణ్ణి ఇంకొకరి చేతికి అందించి, ఆ తర్వాత తను దిగాల్సి వచ్చినప్పుడు చిన్నమ్మకి గుండె జారిపోయిందట. పైగా కవరత్తి, కల్పేని, మినికాయ్ తిప్పే ప్యాకేజీలో పగలు దీవిలో, రాత్రి ఓడలో. అంటే ఈ దిగడం, ఎక్కడం ఒక్కసారితో అయిపోదు.

అండమాన్‌లో ఆ టెన్షన్ లేదు. హేవ్‌లాక్‌లోనైనా (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్), నీల్‌లోనైనా (షహీద్ ద్వీప్) ఫెర్రీ నేరుగా జెట్టీకి ఆనుకుంటుంది, పిల్ల చెయ్యి పట్టుకుని నడిచి దిగిపోతాం. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) నుంచి హేవ్‌లాక్‌కి ప్రైవేటు ఫెర్రీలో సుమారు గంటన్నర, సర్కారు ఫెర్రీలో ఇంకో గంట ఎక్కువ. ఇబ్బందల్లా వాంతులు. ప్రైవేటు ఫెర్రీల్లో మూసేసిన ఏసీ క్యాబిన్ కావడంతో ఒక్కరు కక్కితే చుట్టూ ఉన్న పిల్లలందరికీ కడుపులో తిప్పుతుంది. కింది అంతస్తులో, మధ్యకీ వెనక్కీ సీట్లు తీసుకోండి, అక్కడ ఊపు తక్కువ. పొద్దున్న ఒకటి రెండు ఇడ్లీలు పెట్టండి చాలు, పాలు వద్దు, చేతికి ఫోన్ అసలే వద్దు, కిటికీలోంచి దూరంగా చూడమనండి. మందు మాత్రం మీ పిల్లల డాక్టర్ని అడిగాకే వెయ్యండి. మీ పిల్లకి పడవ పడుతుందో లేదో అన్న అనుమానం ఉంటే ముందు ఒక ఆదివారం ఇచ్ఛాపురం దాటి చిలికాకి తీసుకెళ్ళండి. బర్కుల్ నుంచి కాళిజాయి గుడికి పడవలో వెళ్ళొస్తే సముద్రమంత కాకపోయినా ఎంతో కొంత తెలుస్తుంది.

లక్షద్వీప్‌ని తక్కువ చెయ్యలేను. అక్కడ ఆ పగడపు దిబ్బలే పెద్ద అలల్ని ఆపేస్తాయి కాబట్టి ఒడ్డున నీళ్ళు చెరువులా ఉంటాయి, పిల్లలు ఆడుకోవడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. దీవులు తిరగక్కర్లేదు, ఒక్కచోటే ఉంటాం అనుకుంటే కొచ్చి నుంచి అగత్తికి విమానంలో వెళ్ళి అక్కడే ఉండిపోండి. అయితే పర్మిట్ తీసుకోవాలి, గదులు తక్కువ. అండమాన్‌లో మనం తిరిగే దీవులకి మన దేశస్థులకి పర్మిట్ అక్కర్లేదు.

ఇంకో మాట, అండమాన్‌లో మనవాళ్ళున్నారు. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు నుంచి ఎప్పుడో పనికెళ్ళి స్థిరపడిపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆటో ఎక్కితే తెలుగు, కొట్టుకెళ్తే తెలుగు. పప్పన్నం తప్ప ముట్టని పిల్లతో వెళ్ళినప్పుడు “అన్నం కొంచెం మెత్తగా పెట్టండి అక్కా, పాపకి” అని మన భాషలో అడగ్గలగడం ఎంత నిశ్చింతో వెళ్తేగానీ తెలీదు. గడియారం మనదే అయినా అక్కడ తూర్పున తెల్లారి అయిదుకే వెలుతురు వచ్చేస్తుంది, చలికాలంలో సాయంత్రం అయిదున్నరకల్లా చీకటి పడిపోతుంది. పెందరాళే లేచే పిల్లలకి అది సరిపోతుంది.

హేవ్‌లాక్, నీల్ రెండూ చూడొచ్చు గానీ ఎక్కువ రోజులు ఎక్కడంటే నేను నీల్ అనే అంటాను. చిన్న దీవి, ఏ బీచ్‌కైనా ఆటోలో నిమిషాల్లో వెళ్ళిపోతాం, భరత్‌పూర్ బీచ్‌లో చాలా దూరం దాకా మోకాలి లోతే. పోటు తగ్గినప్పుడు మాత్రం పగడపు రాళ్ళు బయటపడి కాళ్ళు కోసుకుంటాయి, పిల్లకి నీళ్ళలో వేసుకునే బూట్లు తప్పనిసరి. హేవ్‌లాక్‌లో రాధానగర్ అందమే అందం, కానీ అలలు పెద్దవి, పిల్లని వదల్లేం. మొసళ్ళ హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీళ్ళలోకి దింపొద్దు.

వాతావరణం సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2014లో హుద్‌హుద్ తుఫాను అండమాన్ మీదుగానే విశాఖ మీదకొచ్చింది. అక్టోబరు, నవంబరుల్లో వద్దు, సంక్రాంతి నుంచి మార్చి దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది.

విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఓడ ఉంటుంది గానీ రెండు రోజుల పైనే ప్రయాణం, తేదీలు మన సెలవులకి కుదరవు, చిన్నపిల్లతో వద్దు. విశాఖ నుంచి చెన్నై మీదుగా విమానంలో వెళ్ళండి, పలాస వైపు వాళ్ళయితే రాత్రి రైల్లో హౌరా వెళ్ళి కోల్‌కతాలో విమానం ఎక్కొచ్చు. మాల్దీవులు, థాయిలాండ్ సంగతి కూడా కొందరు అడుగుతున్నారు. పిల్లకి పాస్‌పోర్టు తియ్యాలి, ఖర్చెక్కువ, ఈ వయసులో అంత దూరం అక్కర్లేదు.

అండమాన్ అనుకుంటే ముందు ఫెర్రీ టికెట్లు తీసుకుని ఆ తర్వాతే గదులు బుక్ చెయ్యండి. తిరుగు విమానానికి ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి, ఎందుకంటే గాలి ఎక్కువైతే ఫెర్రీ ఆపేస్తారు.