540 జీపులో 407 ఇంజను: ఐదేళ్లు, 46 వేల కిలోమీటర్లు నడిపాక

ఒడిశాలోని రాయగడ, కోరాపుట్ కొండల్లో బరువు మోసే మహీంద్రా 540 జీపుకు, దాని సొంత ఇంజను తీసి పెట్టే టాటా 407 చిన్న లారీ ఇంజను బాగా నప్పుతుంది. విశాఖ దాకా హైవే మీద పరుగెత్తాలనుకునేవాళ్లు మాత్రం దీని జోలికి పోవద్దు. ఐదేళ్లలో ఇంజను విప్పే అవసరం ఒక్కసారీ రాలేదు. ఇబ్బంది పెట్టినవన్నీ దాని చుట్టూ బిగించినవే.

ముందు గేరు లెక్క చూడండి. మహీంద్రా 540తో వచ్చిన ప్యూజో ఇంజను 2,112 సీసీ. దాని 62 హార్స్‌పవర్ రావాలంటే 4,500 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) దాకా తిప్పాలి. పాత 407లోని టర్బో లేని 497 ఇంజను 2,956 సీసీ. బోరు (సిలిండరు వెడల్పు) 97, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 100 మి.మీ. దీని బలమంతా తక్కువ ఆర్పీఎంలోనే. 2,800 దాటాక అరుపే గానీ లాగుడు ఉండదు. ఇప్పుడు ఇరుసు లోపలి క్రౌన్ (పెద్ద పళ్ల చక్రం), దాన్ని తిప్పే పీనియన్ (చిన్న చక్రం) పళ్లు లెక్కపెట్టండి. క్రౌన్‌కు 43, పీనియన్‌కు 8 ఉంటే రేషియో 5.38. 6.00-16 టైరు ఒక చుట్టుకు సుమారు 2.28 మీటర్లు నడుస్తుంది. అంటే టాపు గేరులో 2,800 దగ్గర గంటకు 71 కిలోమీటర్లు, అంతే. 39కి 8 ఉంటే రేషియో 4.88, వేగం 78. దానికి 31 అంగుళాల టైర్లు వేస్తే 82 దాకా వస్తుంది. మేం 5.38తో ఆరు నెలలు విసిగాక మార్చాం. మారిస్తే ముందు, వెనక రెండూ ఒకేసారి మార్చాలి. ఒక ఇరుసుకు ఒక రేషియో, రెండోదానికి ఇంకోటి ఉంచి గట్టి నేల మీద ఫోర్‌వీల్ వేస్తే లోపల ఒకదాన్నొకటి లాక్కుని గేరు పళ్లో, జాయింటు రాడ్డు క్రాసో పోతాయి.

గేరుబాక్సు 407ది పెట్టాలా, జీపుదే ఉంచాలా అని అందరూ అడుగుతారు. లారీ బాక్సు గట్టిదే, కానీ దాని వెనక ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక ఇరుసులకు బలం పంచే పెట్టె) కూర్చోదు. విడిగా మధ్యలో వేలాడదీసి ఇంకో పొట్టి జాయింటు రాడ్డు పెట్టాలి. పొట్టి చాసిస్‌లో దానికి చోటే లేదు. జీపు నాలుగు గేర్ల బాక్సే ఉంచి, ఇంజనుకూ బాక్సుకూ మధ్యలో రెంటినీ కలిపే ఎడాప్టర్ ప్లేటు వేయడం మేలు. మూడు గేర్ల పాత బాక్సు ఉన్న బండైతే ఈ ఇంజను ఆలోచనే వద్దు.

పని మొత్తం నిలిచేదీ పడేదీ ఆ ప్లేటు దగ్గరే. 18 మి.మీ. ఎం.ఎస్. (మామూలు ఉక్కు) ప్లేటు చాలు. కానీ బోల్టు రంధ్రాలు చూసి బిగించి వదిలేస్తే కుదరదు. ఫ్లైవీల్‌కు డయల్ గేజి (సన్న తేడాలు చూపే ముల్లు కొలత) కట్టి, చేత్తో ఇంజను తిప్పుతూ బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పే డొప్ప) మధ్య రంధ్రం ఇంజనుతో ఒకే సెంటర్‌లో ఉందో లేదో చూడాలి. సెంటర్ తేడా 0.12 మి.మీ. లోపు వచ్చాకే అది జరగకుండా రెండు డోవెల్ పిన్నులు కొట్టాలి. మాకు మొదటిసారి చేసిన లేత్‌లో గేజి పెట్టలేదు, కంటి అందాజే. నాలుగు వేల కిలోమీటర్లకే టాపు గేరు ఊడిరావడం మొదలైంది. విప్పి చూస్తే క్లచ్ ప్లేటు బొడ్డు చుట్టూ పగుళ్లు, ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు గరగర. జనం గేరుబాక్సును తిడతారు గానీ, తప్పు సెంటర్‌ది.

క్లచ్ విషయంలో 407 ప్రెషర్ ప్లేటు, 407 క్లచ్ ప్లేటే వాడి, క్లచ్ ప్లేటు బొడ్డు మాత్రం జీపు షాఫ్టు పళ్లకు సరిపడేది రివెట్ చేయించాలి. క్రాంక్ చివర గేరుబాక్సు షాఫ్టు ముక్కు కూర్చునే పైలట్ బుష్ కంచుది, లేత్‌లో కొత్తగా తిప్పించాలి. ఎడాప్టర్ ప్లేటు మందం వల్ల షాఫ్టు వెనక్కి జరుగుతుంది కాబట్టి దాని ముక్కు బుష్‌లో కనీసం 15 మి.మీ. కూర్చుంటోందో లేదో బిగించే ముందే కొలవండి.

బరువు ఇంకో సంగతి. ఇంజను ఎక్కాక ముందు కమాను (పట్టీల స్ప్రింగు) చదునైపోయి, సుంకి ఘాట్ మలుపుల్లో ముక్కు వాలేది. ఒక్కో వైపు ఒక పట్టీ కలిపాం. ఇంజను కింది చాంబరుకూ (ఆయిల్ తొట్టి) ముందు ఇరుసుకూ మధ్య కమాను పూర్తిగా అణిగినప్పుడు కూడా 40 మి.మీ. ఖాళీ ఉండాలి. లేకపోతే బంపు రబ్బరు ఎత్తు పెంచండి. ఇంజను కూర్చునే ఫౌండేషన్ బ్రాకెట్లు 8 మి.మీ. ప్లేటుతో చేయించి, చాసిస్‌కు అడ్డంగా వెల్డింగు గీత పడకుండా చూడాలి. అడ్డగీత పడ్డచోటే తర్వాత చాసిస్ చీలుతుంది.

జీపు రేడియేటరు మైదానంలో సరిపోతుంది, ఘాట్‌లో చాలదు. పొట్టంగి నుంచి అల్లం బస్తాలతో ఎండలో ఎక్కితే సూది ఎర్రగీతకు వచ్చేది. నాలుగు వరసల కోర్ వేయించి, ఫ్యాను చుట్టూ రేకు డబ్బా కట్టాకే నిలకడగా ఉంది. చల్లగా ఉంటుందని థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా నీళ్లను ఆపే వాల్వు) పీకేయకండి. శీతాకాలం కోరాపుట్ తెల్లవారుజామున ఇంజను వేడెక్కక తెల్లపొగ ఆగదు. పంపులో డీజిల్ పెంచమనే మిస్త్రీలుంటారు. పెంచితే నల్లపొగ, వేడి, దాంతోపాటు గేరుబాక్సుకు అదనపు దెబ్బ.

డీజిల్ ఇంజను మానిఫోల్డులో బ్రేకు బూస్టరుకు సరిపడా వాక్యూమ్ రాదు. అందుకే ఇంజను కొనేటప్పుడే దానితో వచ్చే వాక్యూమ్ పంపు కూడా తెచ్చుకోవాలి. కరెంటు రెండింటికీ 12 వోల్టులే, ఆ బాధ లేదు.

కాగితాల సంగతి తేలిక కాదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఇంజను కొనకముందే ఆర్టీఓను కలవండి. కాదంటే అక్కడే ఆగిపోండి.

బరువుతో ఘాట్ మీద లీటరుకు 8, మామూలు దారిలో 11. మూడో గేరులో వదిలేస్తే క్లచ్ ముట్టకుండా ఎక్కుతుంది. ఫిల్టర్లు, నాజిళ్లు, సెల్ఫ్ మోటారు జయపురంలో దొరుకుతాయి. లేకపోతే లారీల ఊరు సాలూరు ఉండనే ఉంది. ఊగుడు మాత్రం పోలేదు. ఐడిల్‌లో అద్దంలో చూస్తే వెనక ఉన్న లారీ ఒకటో రెండో ఇప్పటికీ తేలదు.