నేషనల్ ఆర్కైవ్స్, లండన్: ఇంట్లో విన్న మాటకు కాగితం దొరుకుతుందా?

తాతగారు ఏ ఓడ దిగారు, నానమ్మ యుద్ధం రోజుల్లో ఏ ఇంట్లో ఉంది, పళ్ళసెట్టుకు డబ్బు తీసుకుంటామన్నందుకు మంత్రి రాజీనామా చేశాడన్న మాట నిజమేనా? బ్రిటన్‌లో కుటుంబ జ్ఞాపకాలు రాయడానికి కూర్చున్నవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు క్యూ గార్డెన్స్ స్టేషన్‌లో దిగి బ్రిటన్ ప్రభుత్వ పాత కాగితాలు దాచే నేషనల్ ఆర్కైవ్స్ గడప తొక్కాల్సిందే. ప్రవేశం ఉచితం. సిబ్బంది విసుక్కోకుండా దారి చూపిస్తారు. కానీ సగం పని ఇంటి దగ్గరే చేసుకుని వెళ్ళాలి, లేదంటే రోజంతా కేటలాగ్ ముందే గడిచిపోతుంది.

ఇక్కడ లేనివేమిటో ముందు తెలుసుకోండి. ఇంగ్లండ్, వేల్స్ జనన, వివాహ, మరణ ధ్రువపత్రాలు 1837 జులై నుంచి జనరల్ రిజిస్టర్ ఆఫీసువి. ఇండియా ఆఫీసు (లండన్ నుంచి భారత పాలన చూసిన శాఖ) కాగితాలు సెయింట్ పాంక్రాస్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంటాయి. మన పాఠకులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

కుటుంబం వరకు అసలైన నిధి 1939 రిజిస్టర్, అంటే యుద్ధం మొదలవగానే ఇంటింటా జనం పేర్లు రాసుకున్న పుస్తకం. కేటలాగ్‌లో దాని సిరీస్ నంబరు ఆర్‌జీ 101. ఇంగ్లండ్, వేల్స్ 1931 జనాభా లెక్కలు 1942లో కాలిపోయాయి, 1941లో లెక్కలే జరగలేదు. అందుకే 1921కీ 1951కీ మధ్య ఇదొక్కటే దిక్కు. తర్వాత జాతీయ ఆరోగ్య సేవ (ఎన్‌హెచ్‌ఎస్) కూడా ఈ పుస్తకాన్నే వాడుకుంది కాబట్టి, తర్వాత పెళ్ళయిన ఒక ఆడమనిషి పేరు దగ్గర ఆగి చూడండి: పుట్టింటి ఇంటిపేరు కొట్టేసి, పైన వేరే సిరాతో పెళ్ళి తర్వాతి పేరు రాసి ఉంటుంది. ఒక్క గీతతో రెండు కుటుంబాలు కలుస్తాయి. పుట్టి నూరేళ్ళు నిండనివారి వరుసలు మూసి ఉంటాయి. మరణించినట్టు రుజువు చూపితే తెరుస్తారు. అప్పటికే సైనిక బారకాసుల్లో ఉన్నవారి పేర్లు మాత్రం ఇందులో ఉండవు.

ఓడ ప్రయాణికుల జాబితాలు బీటీ 26 సిరీస్‌లో, 1878 నుంచి 1960 దాకా. యూరప్, మధ్యధరా రేవుల నుంచి వచ్చినవాళ్ళు ఇందులో దాదాపుగా కనిపించరు. విమానంలో వచ్చినవాళ్ళు అసలే కనిపించరు.

రాజకీయాలకు వస్తే ఈ ఆర్కైవ్స్ ఇంకా గొప్పది. పళ్ళసెట్ల సంగతే చూడండి. ఆరోగ్య సేవ ఉచితంగా ఇస్తున్న పళ్ళసెట్లకు డబ్బు తీసుకోవాలని ప్రభుత్వం అనుకున్నందుకు 1951 ఏప్రిల్‌లో మంత్రి అన్యూరిన్ బెవన్ రాజీనామా చేసిన మాట నిజం. అయితే "ఆరోగ్య మంత్రి రాజీనామా చేశాడు" అని ఇళ్ళలో చెప్పుకునేది తప్పు. అప్పటికి ఆయన కార్మిక శాఖకు మారారు. క్యాబినెట్ నిర్ణయాలు సీఏబీ 128లో ఉంటాయి, కానీ అవి చదును చేసిన భాషలో ఉంటాయి. ఎవరు ఏమన్నారో కావాలంటే క్యాబినెట్ కార్యదర్శి చేత్తో రాసుకున్న నోటు పుస్తకాలు, సీఏబీ 195, చూడాలి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితేనే ఆ రోజు గదిలోని వేడి తెలుస్తుంది. సీఏబీ 128 కోసం ప్రయాణమే అక్కర్లేదు, వెబ్‌సైట్‌లో దొరుకుతుంది.

అసలు ఇబ్బంది కేటలాగ్‌తోనే. ఫైళ్ళకు పేరు పెట్టింది ఆనాటి గుమాస్తా, మనిషి పేరుతో కాదు, శాఖ పేరుతో. కాబట్టి ఆ పని అప్పట్లో ఏ శాఖ చేతిలో ఉందో ముందు తేల్చుకుని, సంవత్సరాల హద్దు పెట్టి వెతకండి. కొన్ని ఫైళ్ళు చెషైర్‌లోని ఉప్పు గనిలో ఉంటాయి. వాటిని రోజుల ముందే అడగకపోతే ఉత్త చేతులతో తిరిగి రావాలి.

అసలు కాగితాలు తాకాలంటే రీడర్స్ టికెట్ కావాలి. ఒకటి గుర్తింపుకు, ఒకటి చిరునామాకు, రెండు రుజువులు తీసుకెళ్ళండి. లోపలికి పెన్సిల్ మాత్రమే. పెన్ను, రబ్బరు, తిండి, నీళ్ళు బయట లాకర్‌లో పెట్టాలి. ఫొటోలు ఫ్లాష్ లేకుండా ఎన్నైనా ఉచితంగా తీసుకోవచ్చు. ప్రతి ఫైలుకూ మొదటి ఫొటో అట్ట మీది నంబరుదే తీయండి. అది లేని ఫొటోల కుప్పలో ఏ పేజీ ఏ ఫైలుదో ఇంటికొచ్చాక పోల్చుకోలేరు.